గిటార్ మీద చెయ్యి తిరిగింది గానీ సంగీతం రాలేదు: తరువాత ఏమి చేయాలి?

గోదావరి_తీగ (రాజమహేంద్రవరం):

సభ్యులందరికీ నమస్కారం. ఉద్యోగంలో స్థిరపడి, ముప్పై దాటిన తరువాత నేను గిటార్ పట్టుకున్నాను. గురువంటూ ఎవరూ లేరు. వీడియోలు చూసి, పాట సాహిత్యం మీద కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) రాసి ఉన్న కాగితాలు ముందు పెట్టుకుని నేర్చుకున్నాను. సి, జి, డి, ఎ మైనర్, ఇ మైనర్ వంటి మామూలు కార్డ్స్ తడుముకోకుండా మారుస్తాను, స్ట్రమ్మింగ్ కూడా ఫరవాలేదని విన్నవాళ్లు అంటారు. చూపుడువేలితో తీగలన్నీ అదిమి పట్టవలసిన (బారే) కార్డ్ ఎఫ్ మాత్రం పాట మొదట్లో పలికినట్టు చివర్లో పలకదు, ఈలోగా వేళ్లు బిగుసుకుపోతాయి.

అయితే నా అసలు బాధ ఎఫ్ కాదు. ఇంట్లో ఎవరైనా ఒక పాట ఎత్తుకుని "వాయించు" అంటే, కాగితం లేనిదే మొదటి కార్డ్ ఏదో నాకు తెలియదు. పాడేవారు "ఇంకొంచెం పైన పాడతాను" అన్నారంటే అక్కడితో నా వాద్యం ఆగిపోతుంది. చిన్నతనంలో కొంతకాలం గాత్రం నేర్చుకున్నాను, గీతాల దాకా వచ్చి మానేశాను. ఆ చదువు ఇప్పుడు దేనికైనా పనికి వస్తుందా, లేక పాశ్చాత్య సంగీత సిద్ధాంతాన్ని మొదటినుంచి చదువుకోవడమే మంచిదా? మా ఊళ్లో గిటార్ నేర్పేవారు ఉన్నారు గానీ ఎక్కువగా పిల్లలకు పాటలు నేర్పుతారు. అనుభవజ్ఞులు దారి చూపగలరు.

తంత్రీలయ (హైదరాబాద్, గిటార్ అధ్యాపకుడు):

గోదావరి_తీగ గారూ, మీ ప్రశ్న చదవగానే నా దగ్గరకు వచ్చే పెద్దవయసు విద్యార్థులలో చాలామంది గుర్తుకు వచ్చారు. కార్డ్ కాగితం గోడ పట్టుకుని నడవడం వంటిది. నడక వస్తుంది గానీ గోడ ఎటు వెళితే అటే వెళ్లాలి. మరో వంద పాటలు ఇదే పద్ధతిలో నేర్చుకున్నా మీరు ఇప్పుడున్న చోటే ఉంటారు, ఎందుకంటే ప్రతి పాటలోనూ కన్ను చెప్పినది చెయ్యి చేస్తోంది, చెవికి పని పడటం లేదు.

మీరు గీతాల దాకా గాత్రం నేర్చుకున్నానన్నారు. అది పనికి వస్తుందా అని అడగడమే నాకు ఆశ్చర్యం కలిగించింది. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు నోటికి వచ్చినవారికి స్వరస్థానాల పేర్లూ వాటి దూరాలూ అప్పటికే లోపల ఉన్నాయి. చేయవలసిందల్లా వాటిని తీగ మీదికి దించడం. నాలుగవ తీగను (సన్నని తీగ ఒకటి, లావు తీగ ఆరు) ఖాళీగా మోగిస్తే డి, అంటే సి ఒకటిగా లెక్కించే మన పద్ధతిలో రెండు శ్రుతి. ఫోన్‌లో తంబుర యాప్‌ను రెండు శ్రుతిలో పెట్టండి. ఆ ఒక్క తీగ మీదే షడ్జమం (స) ఖాళీగా, తరువాత 1, 4, 5, 7, 8, 11, 12 ఫ్రెట్‌ల (మెట్ల) మీద మాయామాళవగౌళ ఆరోహణ మొత్తం వస్తుంది. అదే తీగ మీద 2, 4, 5, 7, 9, 11, 12 నొక్కితే శంకరాభరణం, 2, 4, 7, 9, 12 నొక్కితే మోహనం. ముందు స్వరం పాడాలి, ఆ తరువాతే ఫ్రెట్ నొక్కాలి. ఈ వరుస తారుమారు కాకూడదు. వాయించి విని పాడితే చెయ్యి చెవికి నేర్పుతుంది, పాడి వాయిస్తే చెవి చేతికి నేర్పుతుంది.

ఈ పద్ధతి నా సొంతం కాదు. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారికి కర్ణాటక సంగీతం నేర్పిన రుద్రరాజు సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు, ఆయనకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ పాటను తీగల మీద వెతుక్కుని పలికించేవాడు. వేలు ఎక్కడ పెట్టాలో చూపించే మనిషి ఎదురుగా లేకపోవడం వల్లనే ఆ వాద్యం మీద అంతకుముందు ఎవరూ చూడని వాదన పద్ధతి పుట్టిందని నా అభిప్రాయం. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ చేసేనాటికి ఆ అబ్బాయికి పదేళ్లు కూడా నిండలేదు. మనం శ్రీనివాస్‌లం కాము, నిజమే. అయినా వేలు చూపించే వీడియోలు వేలకొద్దీ ఉన్న ఈ కాలంలో, పాడి వినిపించే గురువు విలువ ఏమిటో ఆ ఉదాహరణ చెబుతుంది.

చెక్కా_తీగా (విశాఖపట్నం, వాద్యాల మరమ్మతు):

సంగీతం గురించి పెద్దలు చెబుతారు, నేను ఎఫ్ గురించి మాత్రమే రాస్తాను. వేళ్లలో బలం లేదని చాలామంది తమను తాము నిందించుకుంటారు గానీ, మరమ్మతుకు వచ్చే తక్కువ ధర గిటార్లలో ఎక్కువ భాగం దుకాణం నుంచి వచ్చేటప్పటికే నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) దగ్గర తీగలు ఎత్తుగా ఉంటాయి. ఒక చిన్న పరీక్ష చేయండి. మొదటి ఫ్రెట్‌లో కేపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు) బిగించి, రెండవ ఫ్రెట్‌లో అదే ఎఫ్ ఆకారం పట్టండి. అది చెప్పుకోదగినంత తేలికగా పలికితే దోషం మీ చేతిది కాదు, నట్‌లోని గాడులది. వాటిని సన్నని ఆకురాయితో తీగ మందానికి తగినట్టు లోతు చేయాలి. ఎక్కువ అరగదీస్తే ఖాళీ తీగ ఫ్రెట్‌కు తగిలి గరగరలాడుతుంది, అప్పుడు కొత్త నట్ వేయవలసి వస్తుంది. అందువల్ల ఈ పని అలవాటు ఉన్నవారి చేతనే చేయించుకోండి.

ఇక యాక్షన్, అంటే ఫ్రెట్‌ల మీద తీగల ఎత్తు సంగతి. స్టీల్ తీగల గిటార్‌కు పన్నెండవ ఫ్రెట్ దగ్గర ఆరవ తీగ ఎత్తు సుమారు 2.5 మిల్లీమీటర్లు, మొదటి తీగ ఎత్తు సుమారు 1.75 మిల్లీమీటర్లు ఉంటే చాలామంది చేతికి సరిపోతుంది. అక్కడ ఒక మిల్లీమీటరు తగ్గించాలంటే కింది కొసన తీగలు ఆనే శాడిల్‌ను రెండు మిల్లీమీటర్లు తగ్గించాలి. తీగల సెట్టు మందం (అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన) 12 నుంచి 53 ఉంటే దాన్ని తీసి 10 నుంచి 47 సెట్టు వేసి చూడండి. మోత కొంచెం పలచబడుతుంది గానీ నేర్చుకునే చేతికి అది మేలు.

మీది గోదావరి ఒడ్డు, మాది సముద్రపు ఒడ్డు. గాలిలో తేమ పెరిగితే గిటార్ పైచెక్క ఉబ్బి యాక్షన్ పైకి లేస్తుంది. వేసవిలో హైదరాబాద్ వంటి చోట్ల దీనికి విరుద్ధంగా చెక్క కుంచించుకుని, ఫ్రెట్‌ల కొసలు మెడ అంచు దాటి వేలికి గీసుకుంటాయి. వాయించని సమయంలో పెట్టెలో ఉంచండి, వానాకాలంలో పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేయండి. మెడ లోపల ఉండే కడ్డీని (ట్రస్ రాడ్) మాత్రం వీడియో చూసి తిప్పకండి. తిప్పక తప్పకపోతే పావు చుట్టుకు మించవద్దు.

ఆదివారపు_గిటార్ (గుంటూరు జిల్లా):

నేను మా ఊరి చర్చిలో ఆరాధనకు గిటార్ వాయిస్తాను. మాకు కాగితం ఉండదు, శ్రుతి ముందుగా ఎవరూ చెప్పరు. ఒక పెద్దావిడ తన గొంతుకు వీలైన చోట పాట ఎత్తుకుంటారు, సంఘమంతా అందుకుంటుంది, ఆ పల్లవి తిరిగి వచ్చేలోపు గిటార్ అందులో కలవాలి. తంత్రీలయ గారు చెప్పిన దానికి నేను కలపగలిగినది ఈ కలిసే పద్ధతి ఒక్కటే.

పల్లవి చివర పాట ఎక్కడ విశ్రాంతి తీసుకుంటుందో ఆ స్వరాన్ని లోలోపల పట్టుకోండి. చాలా పాటల్లో అది షడ్జమమే. దాన్ని ఆరవ తీగ మీద వెతకండి. దొరికిన ఫ్రెట్ మీ ఆధార కార్డ్: మూడవ ఫ్రెట్ అయితే జి, ఐదవది అయితే ఎ, ఎనిమిదవది అయితే సి. ఇప్పుడు చెయ్యి కదల్చకుండా ఐదవ తీగ మీద చూడండి. అదే ఫ్రెట్‌లో శుద్ధ మధ్యమం ఉంటుంది, అది నాలుగవ కార్డ్. రెండు ఫ్రెట్‌లు ముందుకు వెళితే పంచమం, అది ఐదవ కార్డ్. మేజరా మైనరా అనే సందేహం కూడా అక్కడే తీరుతుంది. ఐదవ తీగ మీద ఒక ఫ్రెట్ వెనక్కి వెళితే అంతర గాంధారం (మేజర్), రెండు ఫ్రెట్‌లు వెనక్కి వెళితే సాధారణ గాంధారం (మైనర్). పాటలో ఏది వినిపిస్తే ఆ కార్డ్. ఇందులో గుర్తుపెట్టుకోవలసిన అక్షరాలు ఏమీ లేవు, శ్రుతి మారితే చెయ్యి మొత్తం పక్కకు జరుగుతుంది, అంతే. పాడేవారు పైకి వెళతానంటే భయపడవలసిన పని ఇక ఉండదు.

మరొక మాట. మా పాత ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట తల మీద రాగం, తాళం ముద్రించి ఉంటాయి. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారి వంటివారు రాసిన కీర్తనలు కర్ణాటక బాణీలలో ఉంటాయి. వాటికి గిటార్ పట్టుకున్నవాడికి రాగమూ కార్డూ రెండూ ఒకేసారి అవసరమవుతాయి. కాబట్టి ఇదా అదా అనే ప్రశ్న మా దగ్గర పుట్టదు.

గోదావరి_తీగ:

అందరికీ ధన్యవాదాలు. చెక్కా_తీగా గారు చెప్పినట్టు కేపో బిగించి చూశాను. ఎఫ్ ఆకారం రెండవ ఫ్రెట్‌లో హాయిగా పలికింది. నట్ సంగతి చూపించుకుంటాను. ఐదవ తీగ మీద గాంధారాన్ని వెతికే పద్ధతి మాత్రం నాకు కళ్లు తెరిపించింది. ఇంట్లో వాళ్ల చేత తెలిసిన పాటలే పాడించి చూశాను, మేజర్ మైనర్ తేడా ఇప్పుడు చెవికి అందుతోంది.

ఒక సందేహం మిగిలింది. మాయామాళవగౌళ ఒక తీగ మీద వాయిస్తే స్వరాలు సరిగానే ఉన్నాయి గానీ రాగంలా వినిపించడం లేదు, హార్మోనియం మెట్లు నొక్కినట్టు ఉంది. గమకం (స్వరాన్ని ఊపి, జార్చి పలికించడం) గిటార్ మీద సాధ్యమేనా? సాధ్యమైతే నా స్థాయిలో ఎక్కడ మొదలుపెట్టాలి?

వాయులీనం (విజయనగరం):

నేను వయొలిన్ వాయించేవాడిని కనుక కొంచెం నిర్మొహమాటంగా రాస్తున్నాను. కర్ణాటక సంగీతం నేర్చుకోవడమే మీ లక్ష్యమైతే గిటార్ సుఖమైన వాహనం కాదు. వీణ మీద కూడా మెట్లు ఉన్నాయి కదా అని అడుగుతారు. వీణలో 24 మెట్లు మైనం మీద ఎత్తుగా నిలబడతాయి, తీగ కింద దండికీ మెట్టుకూ మధ్య చోటు ఉంటుంది, అందువల్ల తీగను పక్కకు లాగి ఒకే మెట్టు మీద రెండు మూడు స్వరాలు పలికించవచ్చు. గిటార్ ఫ్రెట్ చాలా పొట్టిది, వేలు వెంటనే చెక్కకు తగులుతుంది, తీగ బిగువు కూడా ఎక్కువ. అంతేకాక, తీగను లాగితే శ్రుతి పెరుగుతుందే గానీ తగ్గదు. కాబట్టి పై స్వరం నుంచి కిందికి ఊగే గమకం కావాలంటే కింది ఫ్రెట్‌లోనే మొదలుపెట్టి, ముందుగానే లాగి ఉంచి వదలాలి. ఇది చెప్పినంత తేలిక కాదు.

స్వరస్థానాల సంగతి కూడా ఉంది. తంబుర లోపల సహజంగా వినిపించే అంతర గాంధారం షడ్జమం నుంచి సుమారు 386 సెంట్ల (పక్క పక్క ఫ్రెట్‌ల మధ్య దూరం 100 సెంట్లు) దూరంలో ఉంటుంది. గిటార్ ఫ్రెట్‌లు స్థాయిని పన్నెండు సమాన భాగాలుగా చేసినవి కనుక అక్కడ గాంధారం 400 సెంట్ల దగ్గర పడుతుంది. ఆ 14 సెంట్ల హెచ్చు తంబుర ముందు కూర్చున్న చెవికి గుచ్చుకుంటుంది. నేనైతే వేలును వెంట్రుకవాసి వెనక్కి జరుపుతాను, మీకు ఆ వీలు లేదు.

ఇంత చెప్పినా నిరుత్సాహపరచడం నా ఉద్దేశం కాదు. నేను వాయించే వాద్యమూ ఈ దేశానిది కాదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని మన సంగీతంలోకి తెచ్చినవారిలో ఆద్యుడని చెబుతారు. 1919లో మా ఊళ్లో సంగీత కళాశాల మొదలైనప్పుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అందులో వయొలిన్ ఆచార్యులుగా చేరారు. ఒక వాద్యం మనదవడానికి తరాలు పట్టింది. మీరు మొదలుపెట్టవలసిన చోటు గమకం ఎక్కువగా లేని రచనలు. దీక్షితుల వారి నొట్టుస్వరాలు శంకరాభరణంలో, పాశ్చాత్య బాణీల మీద కట్టినవి. "సంతతం పాహిమాం" బ్రిటిష్ జాతీయగీతం వరుస మీదే నడుస్తుంది. గిటార్ మీద అవి వాటి సహజ రూపంలోనే పలుకుతాయి.

తంత్రీలయ:

వాయులీనం గారు చెప్పిన భౌతిక కారణాలన్నీ నిజమే, కాని వాటినుంచి తీసిన తీర్పుతో నేను ఏకీభవించను. స్లైడ్ కడ్డీ వాడకుండా మామూలు ఫ్రెట్‌ల గిటార్ మీదే కర్ణాటక కచేరీలు చేస్తున్న ప్రసన్న గారిని ఒకసారి శ్రద్ధగా వినండి. జాజ్ గిటార్ వాదకుడు జాన్ మెక్‌లాఫ్లిన్ 1970లలో శక్తి బృందంలో వాయించిన గిటార్‌కు ఫ్రెట్‌ల మధ్య చెక్కను గుంటలుగా తొలిపించారు. తీగ కింద చోటు పుట్టి లాగడానికి వీలైంది. ఆయన ఎస్. రామనాథన్ గారి దగ్గర వీణ నేర్చుకున్నారన్నది ఇక్కడ గమనించవలసిన సంగతి.

మీకు అంత అవసరం లేదు. గిటార్‌కు స్వభావసిద్ధమైన గమకం జారు. ఒకే తీగ మీద ఒక స్వరం మీటి, ఆ మీటులోనే రెండవ స్వరం దాకా వేలు ఎత్తకుండా జారడం మొదట సాధన చేయండి. మోహనంలో గాంధారం నుంచి పంచమానికి, పంచమం నుంచి ధైవతానికి జారండి. చేరిన చోట ఆగితే స్వరం నిలవాలి, దాటిపోకూడదు. జంట స్వరాలలో రెండవ స్వరాన్ని కింది స్వరం నుంచి తట్టి పలికించే స్ఫురితం తరువాతి మెట్టు, దాన్ని గిటార్ వాదకులు హ్యామర్ ఆన్ అంటారు. తీగ లాగడం చివరిది. అకూస్టిక్ గిటార్ మూడవ తీగకు సాధారణంగా చుట్టు ఉంటుంది, అది లాగితే లొంగదు. దాని స్థానంలో చుట్టు లేని తీగ వేసుకోవచ్చు. తోడి, భైరవి వంటి రాగాల జోలికి ఇప్పుడు వెళ్లకండి.

ఏడో_ఫ్రెట్ (డల్లాస్):

చర్చ ఆసక్తికరంగా ఉంది గానీ ఒక వైపుకు ఒరిగిపోయిందని అనిపించి రాస్తున్నాను. గోదావరి_తీగ గారు మొదట అడిగినది పాడేవారికి తోడుగా వాయించడం గురించి. ఇప్పుడు మనం ఆయనకు వరస వాయించడం నేర్పుతున్నాము. ఆరు తీగలు ఒకేసారి మోగించగల వాద్యాన్ని తీసుకుని ఒక తీగ మీద గాత్రాన్ని అనుకరించడమే ఎదుగుదల అనుకోవడం నాకు సమ్మతం కాదు. మనవాళ్ల చెవి వరసను అద్భుతంగా పట్టుకుంటుంది, కాని వరస కింద నడిచే స్వరాలను వినదు. నేను ఇక్కడ జాజ్ నేర్చుకోవడానికి వెళ్లినప్పుడు మా ఉపాధ్యాయుడు మొదట చేయమన్న పని పాట పాడటం కాదు, పాటలో బేస్ గిటార్ నడకను పాడటం. అది రావడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఒక ప్రయోగం చెబుతాను. తంబుర ఆపేసి, ఒకటి శ్రుతిలో పంచమాన్ని గొంతుతో సాగదీయండి. దాని కింద సి కార్డ్ మీటండి, తరువాత ఇ మైనర్, తరువాత ఎ మైనర్ సెవెన్త్, తరువాత జి. మీరు పాడుతున్న స్వరం కదలలేదు, కాని నాలుగు సార్లు నాలుగు రకాలుగా వినిపిస్తుంది, ఎందుకంటే మొదటిదానిలో అది ఐదవ స్వరం, రెండవదానిలో మూడవది, మూడవదానిలో ఏడవది, చివరిదానిలో ఆధారం. ఈ మార్పును గుర్తుపట్టే చెవి సరళీ స్వరాలతో రాదు. సి నుంచి ఎ మైనర్‌కు వెళ్లేటప్పుడు జి ఒక్కటే ఎ అవుతుంది, మిగిలిన రెండు స్వరాలు అలాగే ఉంటాయి. సి నుంచి ఇ మైనర్‌కు వెళ్లేటప్పుడు సి ఒక్కటే దిగి బి అవుతుంది. చెయ్యి మొత్తం ఎత్తి కొత్త ఆకారం పెట్టే అలవాటు ఉన్నవారికి ఈ సంగతి ఎన్నడూ వినిపించదు. మారిన ఆ ఒక్క స్వరాన్ని పాడండి. మీ సిద్ధాంత పాఠం అక్కడ మొదలవుతుంది.

రాగానికి కార్డ్స్ పెట్టడం తప్పని అనేవారికి ఒక ఉదాహరణ ఇస్తాను. మాయామాళవగౌళ స్వరాలనే ఒకటి శ్రుతిలో పేర్చి చూస్తే సి మేజర్, డి ఫ్లాట్ మేజర్, ఎఫ్ మైనర్, ఇ మైనర్ దొరుకుతాయి. రాగంలో లేని స్వరం ఒక్కటి కూడా వాటిలో లేదు.

వాయులీనం:

స్వరాలు రాగంలోవే అయినంత మాత్రాన కార్డ్ రాగంలోదైపోదు. తోడిలో గాంధారం ఒక చోట నిలబడే స్వరం కాదు, అది ఊగుతూ ఉంటుంది. కింద గిటార్ నిశ్చలమైన గాంధారంతో మైనర్ కార్డ్ మోగిస్తుంటే పాడేవారి గాంధారం దానితో ఘర్షణ పడుతుంది, వినేవారికి గాయకుడు అపశ్రుతి పాడుతున్నట్టు అనిపిస్తుంది. తప్పు గాయకుడిది కాదు. గమకం బరువుగా ఉన్న రాగాలకు గాంధారం తీసివేసి షడ్జమ పంచమాలు మాత్రమే మీటడం మర్యాద. శంకరాభరణం, మోహనం వంటి వాటిలో మీరు చెప్పిన ప్రయోగాలకు చోటు ఉందని ఒప్పుకుంటాను. బేస్ నడకను పాడించే పద్ధతి మాత్రం నాకు నచ్చింది, మా విద్యార్థుల చేత కూడా చేయించి చూస్తాను.

నిర్వాహకులు:

ఏ కంపెనీ గిటార్ కొనాలి అంటూ వచ్చిన ప్రశ్నలను కొనుగోళ్ల విభాగానికి తరలించాము. ఇక్కడ సాధన విషయమే కొనసాగించవలసిందిగా మనవి.

ఆదివారపు_గిటార్:

స్వరం గురించి ఇంత మాట్లాడుకున్నాము, లయ గురించి ఒక్కరూ రాయలేదు. అనుభవం మీద చెబుతున్నాను, కార్డ్ తప్పితే సంఘం పాడుతూనే ఉంటుంది, తాళం తప్పితే సంఘమే ఆగిపోతుంది. గాత్రం నేర్చుకున్నవారికి మూడు కాలాలు తెలుసు. దాన్నే స్ట్రమ్మింగ్‌కు వాడండి. లయ కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టి, దాన్ని కదల్చకుండా, మొదట దెబ్బకు ఒక మీటు, తరువాత రెండు, తరువాత నాలుగు వేయండి. వేగం పెంచుకుంటూ పోయే సాధన కన్నా ఇది కష్టం, ఎందుకంటే ఒక కాలం నుంచి మరొక కాలానికి మారే క్షణంలోనే చెయ్యి తొందరపడుతుంది. అది కుదిరిన తరువాత మిశ్ర చాపు పట్టండి. నోటితో "తకిట తకధిమి" అంటూ, "త" వచ్చిన రెండు చోట్లా కిందికి గట్టిగా, మిగిలిన అక్షరాలకు మెల్లగా మీటండి. కుడిచెయ్యి ఏడు అక్షరాల నడకకు అలవాటు పడితే నాలుగు అక్షరాల పాటలు దానంతట అవే కుదురుకుంటాయి.

ఇంకొక సంగతి. మీరు వాయించినది ఫోన్‌లో రికార్డు చేసి మరునాడు వినండి. వాయిస్తున్నప్పుడు వినిపించని తొందర అప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది.

గోదావరి_తీగ:

ఏడో_ఫ్రెట్ గారి పంచమం ప్రయోగం చేసి చూశాను. ఎ మైనర్ సెవెన్త్ దగ్గర నా గొంతు తెలియకుండానే పక్కకు జారింది, గిటార్ ఆపితే మళ్లీ నిలబడింది. అంటే ఏ చెవి లేదో తెలిసింది. ప్రస్తుతానికి ఉదయం తంబురతో ఒక తీగ, సాయంత్రం కార్డ్స్‌తో బేస్ నడక పాడటం అని విడదీసుకున్నాను.

ఇక రెండు చిన్న ప్రశ్నలు. ట్రినిటీ, రాక్‌స్కూల్ వంటి సంస్థల గ్రేడ్ పరీక్షలు నా వయసువారికి ఉపయోగమా? రెండవది, మా మేనకోడలు ఐదున్నర శ్రుతిలో పాడుతుంది. ఇంట్లో జరగబోయే వేడుకలో ఆమెకు తోడుగా నేనూ, మరొక స్నేహితుడూ రెండు గిటార్లతో వాయించాలనుకుంటున్నాము. ఐదున్నర అంటే జి షార్ప్ అని లెక్క తేలింది గానీ, ఆ కార్డ్స్ అన్నీ బారే కార్డ్స్ అయ్యేట్టున్నాయి.

తంత్రీలయ:

గ్రేడ్‌లు ప్రారంభ స్థాయి నుంచి ఎనిమిదవ గ్రేడ్ దాకా ఉంటాయి, వయసు అడ్డంకి కాదు. ఒక గడువూ, ఒక పాఠ్య ప్రణాళికా లేకపోతే సాధన సాగనివారికి అవి మేలు చేస్తాయి. స్వరలిపి చదవడం కూడా ఆ నెపంతో వస్తుంది. పరీక్ష కోసం మూడు పాటలను అరగదీసి, నాలుగవ పాట వాయించలేని పిల్లలనూ నేను చూశాను. మీకు పాడేవారు ఇంట్లోనే ఉన్నారు కనుక నా సలహా అయితే, పరీక్ష ఫీజు డబ్బుతో నెలకు ఒకటి రెండు సార్లు ఒక మంచి అధ్యాపకుడికి మీ చేతుల తీరు చూపించుకోండి. బొటనవేలు మెడ వెనక ఎక్కడ ఉందో, మణికట్టు ఎంత వంగుతోందో వీడియో చెప్పదు. మణికట్టులో నొప్పి వస్తే మాత్రం ఆ రోజుకు ఆపేయండి, నొప్పిని ఓర్చుకోవడం సాధన కాదు.

ఆదివారపు_గిటార్:

రెండవ ప్రశ్నకు సమాధానం మాకు ప్రతి వారం అవసరమయ్యేదే. ఒకరు మొదటి ఫ్రెట్‌లో కేపో బిగించి జి ఆకారాలు వాయించండి: జి, సి, డి, ఇ మైనర్. మరొకరు నాలుగవ ఫ్రెట్‌లో కేపో బిగించి ఇ ఆకారాలు వాయించండి: ఇ, ఎ, బి సెవెన్త్, సి షార్ప్ మైనర్. రెండూ వినబడేది జి షార్ప్‌లోనే, కాని ఒకటి లోతుగా, మరొకటి పలుచగా ఉండి రెండు గిటార్లు ఒకదాని మీద ఒకటి పడకుండా విడివిడిగా వినిపిస్తాయి. సి షార్ప్ మైనర్ బారే కార్డ్ కనుక మీ నట్ సరి అయ్యేదాకా మీరు మొదటి ఫ్రెట్ తీసుకోండి, నాలుగవది మీ స్నేహితుడికి ఇవ్వండి. కేపో బిగించిన తరువాత తీగలు కొంచెం హెచ్చుతాయి, కాబట్టి శ్రుతి చేసుకోవడం కేపో పెట్టాకనే చేయండి, ఇద్దరూ ఒకే ట్యూనర్‌తో.